నలభై బీరువాల టాబ్లెట్

మా కార్యాలయం ఏ విషయంలోనైనా తొందరపడిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఒక్క టాబ్లెట్ కంప్యూటరు కొనాలా వద్దా అన్నది తేల్చడానికి మేము పద్నాలుగు నెలలు తీసుకున్నాం. పదకొండు సమావేశాలు జరిపాం. టీలూ సమోసాలూ కాక రెండుసార్లు భోజనాలు కూడా పెట్టాం. చివరికి తేల్చాం. తేల్చిన దాంట్లో ఒక్క తప్పు లేదు. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా చేతిరాతే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

నా పేరు విశ్వపతి. తాళపత్ర గ్రంథ భద్రతా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. కాలవ గట్టు మీద ఎప్పటిదో పాత బంగళా మా ఆఫీసు. దాని ఉత్తరపు హాల్లో చెక్క అరల మీద పదమూడు వందల పన్నెండు తాటాకు కట్టలు ఉండేవి. ప్రతి కట్టకీ ఒక రేకు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. కట్టలో ఏముందో తెలిసినా తెలియకపోయినా నంబరు మాత్రం ఉండి తీరాలి. ఏటా మార్చి నెలలో బిళ్ళలు లెక్కపెట్టి, సరిపోయాయని సంతకం పెడతాం. ఎన్నో ఏళ్ళుగా సరిపోతూనే ఉన్నాయి.

కట్టల్లో ఏముందో చదవగలిగిన మనిషి మాకు ఒక్కరే, యజ్ఞన్న శాస్త్రిగారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం అయిపోయి ఇరవై ఏళ్ళయినా రోజూ పదింటికల్లా గొడుగు చంకన పెట్టుకుని వచ్చేస్తారు. జీతం అడగరు గనక ఎవరూ అడ్డుపెట్టలేదు. ఆ ఏడు వేసవిలో ఆయన 307వ కట్ట విప్పారు. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో ఒక కోడలు తన అత్తగారి మీద ద్విపదలో రాసిన కథ అది. రోజూ నాలుగింటికి టీ వేళ శాస్త్రిగారు ఆ రోజు చదివిన ఆకులు గొంతెత్తి పాడి వినిపించేవారు. ఆఫీసంతా అక్కడే చేరేది. గాదె తాళం మొలకి వేలాడదీసుకుని తిరిగే అత్తగారు, పిడికెడు గింజలు లెక్కపెట్టి పడేస్తే వాటితో పదిమందికి వండి పెట్టే కోడలు. మా అటెండరు వరహాలమ్మకైతే ఆ కోడలు పక్కింట్లోనే ఉన్నట్టుండేది.

"మా అత్త కూడా ఇంతేనండి. ఉప్పు డబ్బా మంచం కింద ఎట్టుకుంటాది. ఆ పిల్ల ఎప్పుడు నోరిప్పుద్దో చెప్పండి శాస్త్రిగారూ, ఆరోజు నేను సెలవెట్టను" అనేది.

అరవై ఒకటో ఆకు దగ్గర కోడలు నెత్తి మీది కడవ దించింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. గడప మీద నిలబడి అత్తగారి కళ్ళలోకి చూసి ఇలా అంది. అంతే, ఆకు అయిపోయింది. అరవై రెండో ఆకు మీద గంటం గీతలు పూడుకుపోయి ఉన్నాయి. శాస్త్రిగారు నిమ్మగడ్డి నూనె రాశారు, దీపం మసి దట్టించారు, భూతద్దం పెట్టారు, కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళారు. అక్షరం ఆనలేదు.

"ఏమందండీ?" అన్నాను నేను. ఆఫీసు విషయాలు తప్ప వేరేవి పట్టించుకోని నాకే ప్రాణం ఆగలేదు.

"ఏదో అన్నది, గట్టిగానే అన్నట్టుంది. నా కళ్ళే వినటం లేదోయ్ విశ్వపతీ" అన్నారు శాస్త్రిగారు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. ఆయనకి నీటికాసులు. కంటి డాక్టరు చూసి, ఉన్న చూపు మహా అయితే ఏడాదిన్నర నిలుస్తుందన్నాడట. ఈ కట్టలో ఇంకా యాభై ఏడు ఆకులున్నాయి. ఆ గొలుసుకట్టు రాత ఇంకెవరికీ రాదు. ఈమధ్య ఏదో పెళ్ళిలో ఎవరో టాబ్లెట్ మీద శుభలేఖ ఫోటో తీసి, రెండు వేళ్ళతో సాగదీసి, ఒక్కో అక్షరం గారెంత చేసి చూపించారట. అలాంటిది ఒకటి ఉంటే ఆకులు ఫోటో తీసుకుని చదివేయగలనన్నారు.

ఇందులో ఇబ్బంది ఏముంది అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ తెలియదు, అప్పటికే నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అర్ధ ఠావు కాగితం మీద అర్జీ రాసి, మా ఉపసంచాలకులు త్రివిక్రమరావుగారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, కిటికీలోంచి కాలవ వైపు చూశారు. "విశ్వపతీ, కొనడం గొప్ప కాదు. కొనుట సమంజసమా అన్న ప్రశ్న ముందు ఉత్పన్నం కావాలి. ఉత్పన్నం చెయ్యి" అన్నారు.

ఉత్పన్నం చేశాను. 'టాబ్లెట్ ఆవశ్యకతా నిర్ధారణ సంఘం' ఏర్పడింది. త్రివిక్రమరావుగారు అధ్యక్షులు, నేను కార్యదర్శి. రెండు సమావేశాలు 'ఆవశ్యకత' అనే మాట పరిధిలోకి ఏమేమి వస్తాయో నిర్ణయించడానికి పట్టాయి. మూడో సమావేశానికి బజార్లో సెల్‌ఫోన్ల కొట్టు శ్రీనుని సాంకేతిక నిపుణుడి హోదాలో పిలిచాం. అతను సంచీలోంచి ఒక టాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో అరవై నాలుగు జీబీది ఉందండి, నూట ఇరవై ఎనిమిదిది ఉందండి. మీకెంత స్టోరేజీ కావాలండీ?"

త్రివిక్రమరావుగారి ముఖం వికసించింది. ఆ ప్రశ్న లాంటి ప్రశ్న కోసమే ఆయన మూడు సమావేశాలుగా ఎదురుచూస్తున్నారు. "నిల్వ సామర్థ్యం! చూశారా, ఇదీ మౌలికమైన అంశం. మన దగ్గర ఎన్ని పత్రాలున్నాయి?"

కట్టకి సగటున వంద ఆకులు, ఆకుకి రెండు పక్కలు. లెక్క కట్టి రెండు లక్షల అరవై రెండు వేల నాలుగు వందల ఫోటోలని చెప్పాను. శాస్త్రిగారు అడిగింది యాభై ఏడు ఆకులే కదా అని కూడా అన్నాను. దూరదృష్టి లేని మాటలు రికార్డు చేయవద్దని అధ్యక్షులు ఆదేశించారు. అందుకని ఆ మాట ఫైల్లో కనబడదు.

శ్రీను బుర్ర గోక్కున్నాడు. "అన్నీ ఒకేసారి ఎందుకండీ? అరవై నాలుగు చాలండి. నిండగానే మీ కంప్యూటర్లోకి దించేసుకుని, దీన్ని ఖాళీ చేసేసుకోండి. మళ్ళీ తీసుకోండి. అందరూ అలాగే చేస్తారండి, ఆయ్."

"ఖాళీ చేయడమా?" అన్నారు త్రివిక్రమరావుగారు, నెమ్మదిగా.

"డిలీట్ కొట్టేస్తే పోతాయండి."

ప్రభుత్వ రికార్డుని ధ్వంసం చేయాలంటే ధ్వంస సంఘం కూర్చోవాలి, పై కార్యాలయం అనుమతి రావాలి, సాక్షుల ఎదుట తగలబెట్టి బూడిద బరువు రాయాలి. ఈ కుర్రాడు వేలితో కొట్టేస్తానంటున్నాడు. త్రివిక్రమరావుగారు అతనికి టీ ఇప్పించి పంపేశారు.

నాలుగో సమావేశంలో అసలు చిక్కు బయటపడింది. ఎప్పుడో వరదలొచ్చి రికార్డులన్నీ వరండాలో నానిపోయిన సంవత్సరం మా వాళ్ళు ఒక నిబంధన పెట్టుకున్నారు. పదిహేడవ నిబంధన. ఏ రికార్డుకైనా అది ఉండే అర ముందుగా కేటాయించనిదే ఆ రికార్డుని తయారు చేయరాదు. మంచి నిబంధనే. ఇల్లు చూసుకోకుండా కాపురం పెట్టకూడదని చెప్పడం లాంటిది. త్రివిక్రమరావుగారు దాన్ని పైకి చదివించి, "ఫోటో అనేది రికార్డా, కాదా?" అని అడిగారు.

"రికార్డేనండి" అన్నాను.

"అయితే దానికి అర ఏది?"

"అది టాబ్లెట్ లోపలే ఉంటుంది కదండి."

"విశ్వపతీ, స్టాకు రిజిస్టరులో పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు గడులున్నాయి. టాబ్లెట్ లోపల అన్న గడి ఉన్నదా?"

లేదు. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి.

పైగా మా దగ్గర ఏ రికార్డుకైనా కాగితం మీద మూడు ప్రతులుండాలి. ఒకటి మాకు, ఒకటి పై కార్యాలయానికి, ఒకటి ఈ రెండూ పోతే ఉండటానికి. రెండు లక్షల అరవై రెండు వేల నాలుగు వందల్ని మూడుతో హెచ్చిస్తే ఏడు లక్షల ఎనభై ఏడు వేల రెండు వందలు. ఒక ఇనప బీరువాలో ఇరవై వేల కాగితాలు పడతాయి. నలభై బీరువాలు కావాలి. టాబ్లెట్ ఇంకా కొనలేదు, అందులో ఫోటో ఒక్కటీ తీయలేదు, దాని నిల్వకి నలభై బీరువాలకి మాత్రం ఆర్డరు వెళ్ళిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మేము సోమలింగానికి ఉయ్యాల కూడా చేయించాం.

ఈలోగా ఆర్నెల్లు గడిచాయి. నాలుగింటి టీ వేళ శాస్త్రిగారు వచ్చి కూర్చునేవారు గాని, పాట లేదు. వరహాలమ్మ టీ గ్లాసు ఆయన చేతికి అందించి, చెయ్యి గ్లాసు చుట్టూ మూసుకునేదాకా వదిలేది కాదు. అది చూసినప్పుడల్లా నేను నోట్ ఫైలు తీసి మరో జ్ఞాపిక రాసేవాణ్ణి. నాకు తెలిసిన సాయం అదొక్కటే.

"ఏమోయ్, ఆ పిల్ల ఇంకా గడప మీదే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతాయి పాపం" అనేవారు శాస్త్రిగారు.

బీరువాలు పెట్టే చోటు చూడటానికి భవనాల శాఖ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. టేపు పట్టి బంగళా అంతా కొలిచాడు. నలభై బీరువాల బరువు మోయగల నేల ఒక్క ఉత్తరపు హాల్లోనే ఉందని ధ్రువపత్రం ఇచ్చాడు.

"అక్కడ తాటాకులున్నాయి కదండీ" అన్నాను.

"అవి తేలికే కదండీ, ఎక్కడైనా ఉంటాయి" అన్నాడు.

త్రివిక్రమరావుగారు ఏడో సమావేశంలో ఈ విషయాన్ని కూలంకషంగా పరిశీలించారు. ఆ తీర్మానం నాకు కంఠతా వచ్చు: 'తాళపత్రముల ఛాయాచిత్రములను శాశ్వత ప్రాతిపదికన భద్రపరచవలసియున్నందున, సదరు తాళపత్రములను తాత్కాలిక ప్రాతిపదికన పెరటియందలి రేకుల షెడ్డునకు తరలించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.'

తరలింపు రేపనగా వరహాలమ్మ నా బల్ల దగ్గరకి వచ్చింది.

"బాబుగారూ, ఆ షెడ్డు వానకి కారుద్దండి. నేల మీద చెదలు కూడా ఉన్నాయండి. చీపురు ఎట్టినా మర్నాటికి మళ్ళీ మట్టి గీతలు లెగుత్తన్నాయి."

"తాత్కాలికమే వరహాలమ్మా."

"చెదలికి తెలుసాండీ అది?"

చెదల గురించి పరిశీలించగలరని ఒక జ్ఞాపిక రాశాను. అది ఎనిమిదో సమావేశం ఎజెండాలో పదకొండో అంశంగా చేరింది. ఆ రోజు తొమ్మిదో అంశం దగ్గర భోజనాలొచ్చాయి. వరహాలమ్మ మాత్రం తరలింపు ముందు రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక హాలు ఊడవాలని చెప్పి చాలాసేపు ఉండిపోయింది. ఊడ్చినందుకు మర్నాడు అభినందించాను.

కట్టలు షెడ్డులోకి వెళ్ళాయి, బీరువాలు హాల్లోకి వచ్చాయి. ఆకుపచ్చ రంగువి. ఒక్కోదానికీ ఒక్కో తాళం. వాటి బాధ్యత నాకు అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. నలభై తాళాలు జేబులో పట్టవు, సంచీలో పెడితే మరిచిపోతాను. మొలతాడుకి ఒక ఇనప రింగు తగిలించి వేలాడదీసుకున్నాను. నేను నడిస్తే ఎడ్లబండి వస్తున్నట్టుండేది. రోజూ పొద్దున్న నలభై బీరువాలూ తెరిచి, లోపల ఏమీ లేవని చూసి, లేవని రిజిస్టరులో రాసి, మళ్ళీ తాళాలు వేసేవాణ్ణి.

ఆ ఏడు ముసురు పట్టి నెల రోజులు వదల్లేదు. షెడ్డు తాళం మాత్రం నా దగ్గర లేదు. తాత్కాలిక స్థలం గనక అది తాత్కాలిక ఇన్‌చార్జి దగ్గర ఉంది. ఆయన డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో ఉన్నారు. మేము ఉత్తరాలు రాస్తూ ఉన్నాం.

పద్నాలుగో నెలలో పై కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చారు. టాబ్లెట్ ప్రతిపాదన ఆయన చివరి సంతకం కోసం ఆగి ఉంది. బీరువాలు చూసి ముచ్చటపడ్డారు. "నిల్వ ఏర్పాట్లు శ్లాఘనీయం. ఇక మూల ప్రతుల్ని ఒకసారి దర్శిద్దాం" అన్నారు. షెడ్డు తాళం పగలగొట్టించాం.

లోపల ఇనప అరలు ఉన్నాయి. అరల మీద మట్టి పుట్టలున్నాయి. వరహాలమ్మ చీపురు పుల్లతో ఒక పుట్టని తాకితే అది గలగలా రాలిపోయింది. ఆకు లేదు, కట్టల పైచెక్క లేదు. నాకు ఏడుపొచ్చింది. ఫైల్లో రాయలేదు గాని వచ్చింది.

తనిఖీ అధికారి గొంతు సవరించుకున్నారు. "భౌతిక తనిఖీ మొదలుపెట్టండి."

మట్టి జల్లించి రేకు బిళ్ళలు ఏరాం. చెదలు రేకు తినవు. సాయంత్రానికి లెక్క తేలింది. పదమూడు వందల పన్నెండు. ఒక్కటి కూడా తగ్గలేదు. త్రివిక్రమరావుగారు నుదురు తుడుచుకుని, "సరిపోయాయి" అన్నారు. అధికారి సంతకం పెట్టారు.

పదకొండో సమావేశం మర్నాడే జరిగింది. దాని తీర్మానం ఇది: 'బిళ్ళలన్నియు సక్రమముగా ఉన్నవి. అయితే ఛాయాచిత్రము తీయదగిన పత్రములు ప్రస్తుతము లేనందున, అవసరమగు నిల్వ సామర్థ్యము సున్న జీబీ అని సంఘము నిర్ధారించినది. సున్న జీబీ టాబ్లెట్ విపణిలో లభించునదీ లేనిదీ కనుగొనవలెను.' శ్రీనుకి ఫోను చేశాను. సున్న జీబీది రాదండీ, ఎవరూ కొనరండీ అన్నాడు. ఆ విధంగా టాబ్లెట్ కొనడం సమంజసం కాదని సర్వసమ్మతంగా తేలింది. తొందరపడి మొదటి నెలలోనే కొని ఉంటే ఎంత వృథా అయ్యేదో అని త్రివిక్రమరావుగారు అందరికీ గుర్తుచేశారు. సంఘం దూరదృష్టిని మెచ్చుకుంటూ పై కార్యాలయం నుంచి ఉత్తరం కూడా వచ్చింది. దాన్ని ఒకటో నంబరు బీరువాలో పెట్టాను. నలభైలోనూ ఉన్న కాగితం అదొక్కటే.

ఆ సమావేశం జరిగిన రోజే నాలుగింటికి శాస్త్రిగారికి ఈ కబురు చెప్పే పని నా మీద పడింది. వెనక వరండా మెట్ల మీద ఎండ పడేచోట కూర్చుని ఉన్నారు. పక్కన వరహాలమ్మ. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "శాస్త్రిగారూ, ఇందుమూలముగా..." అన్నాను.

"ఉష్! ఉండవోయ్" అన్నారాయన.

ఆయన చేతిలో అద్దం పగిలిన ఫోను ఒకటి ఉంది. రెండు వేళ్ళతో తెరని సాగదీస్తున్నారు. ముక్కు దాదాపు దానికి ఆనింది. నేను వంగి చూశాను. తెర మీద తాటాకు. దాని మూల 'అరవై రెండు' అని పాత అంకెలు. ఏటవాలు వెలుగులో తీసిన ఫోటోలో పూడిన గీతలు నీడ పడి లేచి నిలబడ్డాయి.

వరహాలమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. "తప్పేనండి. ఫోటోలు తియ్యకూడదని బోర్డు ఉందని తెలుసండి. హాలు ఊడవాలన్నాను చూడండి, ఆ సాయంత్రం యాభై ఏడూ రెండేసి పక్కలూ తీసీసేను. సగంలో మెమరీ నిండిపోయిందందండి."

"మరి?"

"మా పెద్దదాని ఓణీల ఫంక్షన్ వీడియో ఉందండి. డిలీట్ కొట్టీసేనండి. పిల్ల ఎలాగూ ఇంట్లోనే ఉంది కదండీ" అంది.

ఆవిడకి నిల్వ సమస్య వచ్చింది, తేల్చుకుంది. ఎంతసేపు పట్టిందని అడిగాను. "టీ కాగినంతసేపు" అంది. అడిగిన యాభై ఏడూ ఆ ఫోనులో ఉన్నాయి. మిగతా కట్టల్లో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఉద్యోగం పోద్దని భయమేసిందండి. షెడ్డు చూశాక భయం పోయిందండి."

ఇన్నేళ్ళ సర్వీసులో నేను విన్న ప్రతి మాటా ఎక్కడో ఒకచోట రాశాను. ఇది రాయలేదు. మెట్టు మీద శాస్త్రిగారి పక్కన కూలబడ్డాను. మొలకున్న తాళాలు గల్లుమన్నాయి.

"వచ్చిందోయ్! వచ్చింది! గడప మీద నిలబడి ఏమందో తెలుసునా?" అంటూ శాస్త్రిగారు పద్నాలుగు నెలల కిందట ఆపిన చోటి నుంచే రాగం అందుకున్నారు:

"తాళంబు నీ మొలఁ దాఁచుకో యత్త
గాలియే మిగిలె నీ గాదెలోపలను!"

వరహాలమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఆమె చూపు నా నడుము మీద ఉంది.

నేను చొక్కా కిందికి లాక్కున్నాను.